హార్డ్ వేలు

ఆ రోజుల్లో నేను ఒకటో తరగతి పిల్లను. వయసు నలభై దాటింది, పెద్దకూతురికి పెళ్ళి కూడా చేశాను, అయినా చదువులో పసిదాన్నే. అక్షరాలు వచ్చిన కొత్తలో మనిషికి ఒక పొగరు వస్తుంది చూడండి, అది అచ్చం చిన్నపిల్లల పొగరు. బస్సు మీది బోర్డు, సబ్బు మీది పేరు, చివరికి పురుగుమందు డబ్బా మీది హెచ్చరిక కూడా పైకే చదివేదాన్ని. "అంత గట్టిగా అరవాకు మే, పురుగులు ఇన్యాయంటే మందు కొట్టకుండానే సస్తాయి" అనేవాడు మా ఆయన. పత్తికొండ పక్కన పల్లె మాది. పగలంతా టమోటా కోత, సాయంత్రం బడి వరండాలో పలకా బలపం. నా పేరు చెప్పను గానీ అందులో 'క్ష' ఉంది, దాని కింద 'మ' వత్తు ఉంది (మా ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళది అదే పేరు, కాబట్టి వెతికినా దొరకను). ఆ ఒక్క అక్షరం లొంగడానికి నాకు వేసవి మొత్తం పట్టింది. అది లొంగిన రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఇక జన్మలో వేలిముద్ర వేయనని.

సరిగ్గా అప్పుడే వచ్చింది ఆ కొత్త ట్యాబు. మాకు చదువు చెప్పే టీచరమ్మ బద్వేలు పిల్ల, దాన్ని పసిబిడ్డలా గుడ్డలో చుట్టుకుని తెచ్చింది. వెంట పరీక్ష పెట్టే సారు. గాజు మీద వేలితో పేరు రాస్తే చదువు వచ్చినట్టు, రాయలేకపోతే వేలిముద్ర వేసి రానట్టు. మొదట మా అన్న భార్య రాసింది. ఊళ్ళో అందరికంటే ముందు పెద్ద ఫోను కొని, ఎవరు కనబడినా "నీ దాంట్లో బ్యాటరీ ఎంతుండాది?" అని అడిగేది కాబట్టి ఆమెను బ్యాటరీ వదిన అనేవాళ్ళం. బట్టలు కుట్టే మెత్తటి చేతులు, వేలు ఇలా పెట్టగానే గీత అలా పారింది. నా వంతు వచ్చింది. 'ల' రాశాను. గాజు తెల్లగానే ఉంది. మళ్ళీ రాశాను. టమోటా పసరుతో నల్లబడి, కాయలు కాచి, పగుళ్ళు పట్టిన నా వేలు దాని కంటికి ఆననే లేదు.

"మెల్లిగా తాకు పెద్దమ్మా" అంది టీచరమ్మ. తాకాను. "రోంత గట్టిగా." నొక్కాను. ఇక లాభం లేదని, పలక తుడిచే అలవాటు కొద్దీ వేలు నాలుకకు అద్ది పెట్టాను. అప్పుడు చూడాలి! గీత పిచ్చెత్తినట్టు పరుగెత్తి, నా 'క్ష' కోడి కెలికిన దిబ్బలా తయారైంది. "అయ్యో ఎంగిలి!" అని టీచరమ్మ, చేతిరుమాలు తీసి సారు, ఇద్దరూ కలిసి దాన్ని తుడిచారు. "ఈ ఒక్కసారికి ముద్ర ఏసెయ్యి మే, ఏం పోతాది?" అంది బ్యాటరీ వదిన. "సచ్చినా ఏయను" అంటుండగానే టీచరమ్మ నా బొటనవేలు పట్టుకుని అద్దనే అద్దింది. ట్యాబు ఆ ముద్రనూ తీసుకోలేదు. (దాని మీద నాకు కాస్త గౌరవం కలిగింది అప్పుడే.) రాయనివ్వదు, ముద్రా వేయనివ్వదు. దాని లెక్కలో నేను మనిషినే కాను.

సారు మంచివాడు. "ఇందులో మీ తప్పేం లేదమ్మా, ఇది హార్డ్‌వేర్ లోపం" అన్నాడు. నా చెవికి 'హార్డ్ వేలు' అని వినబడింది. హార్డంటే ఏమని వదిన వైపు చూస్తే, "గట్టి" అంది గుసగుసగా (వాళ్ళబ్బాయి హార్డు బంతితో క్రికెట్ ఆడతాడు, ఆమెకు తెలుసు). నాకు ఒళ్ళు మండింది.

"గట్టి ఏలు లోపమా సార్? ఈ గట్టి ఏలు ల్యాకపోతే మీ ఇంట్లో చారు యాడిది? మీ పలకే చాతకాందని సెప్పండి!"

"అదేనమ్మా నేనూ అంటున్నది, హార్డ్‌వేర్..."

"మళ్ళా అదే మాట! నా ఏలిని ఏమనాకండి!"

ఆయన ఎంత ఒప్పుకుంటే నేను అంత ఎగిరాను. ఒప్పుకునేవాడితో అంతసేపు పోట్లాడిన మనిషి మా తాలూకాలో మరొకరు ఉండరు. ఆఖరికి నా రాతిపలక లాక్కుని, బలపం విరిగేట్టు నా పేరు మొత్తం, మ వత్తుతో సహా రాసి, ట్యాబు మొహానికి ఎదురుగా పట్టాను. "ఏలు తెలీకుంటే పాయె, దీనికి కన్నుండాది గదా? సూడమను!"

టీచరమ్మ సారు వైపు చూసింది. సారు తల ఊపాడు. క్లిక్కుమంది. నా పేరుకు ఎదురుగా 'చదువు వచ్చింది' అని పడింది, అది నేనే చదివాను, పైకే. సారు వెళ్ళిపోయాక టీచరమ్మ నేల మీద కూలబడి నవ్వుతూ చెప్పింది, అది వేలు కాదు పెద్దమ్మా, వేరు అని, ఆయన తిట్టింది ట్యాబునే అని. చుట్టూ చూస్తే బ్యాటరీ వదిన అప్పటికే మాయం.

మోకాళ్ళు మొరాయించి కోతకు పోవడం మానేశాక నా వేళ్ళు మెత్తబడ్డాయి. ఇప్పుడు మనవరాలి ట్యాబు నేను తాకితే చాలు, కోడలికన్నా ముందే పలుకుతుంది. ఇది రాస్తున్నది దాని మీదే. ఏ గొడవా లేకుండా అక్షరాలు పడుతుంటే ఒక్కోసారి నాకే ఏమీ తోచదు. అందుకే నా పేరు రాసేటప్పుడు, ఆ మ వత్తు దగ్గర మాత్రం, అవసరం లేకపోయినా గట్టిగానే ఒత్తుతాను.