పచ్చి రొయ్యలు నానబెట్టిన నీళ్లు

2003లో ఒక ఆదివారం పొద్దున, హిందూపురంలో మా పెరట్లో ఉన్న మనుషులు: అవ్వ, అమ్మ, బావ, నేను. ఉన్న వస్తువులు: స్నానానికి నీళ్లు కాచుకునే పొయ్యి, అందులోకి ఒక గోనెసంచెడు వేరుశనగ పొట్టు, పండగలకు తప్ప అటక దిగని ఇనుప బాణలి, రెండు పెద్ద పొట్లాల నూడుల్స్, సన్నగా పొడుగ్గా తరిగిన క్యాబేజీ, క్యారెట్, బీన్స్, ఒక సోయా సాస్ సీసా, బావ బెంగళూరు నుంచి మొదటి రైల్లో ఐసు పెట్టెలో తెచ్చిన పచ్చి రొయ్యలు. నాయన ధర్మవరంలో డ్యూటీలో ఉన్నాడు. అక్క ముందుగదిలో కిటికీ పక్కన పడుకుని ఉంది. ఈ ఏర్పాటంతా ఆమె కోసమే.

అక్కకు మూడో నెల. వేవిళ్లు చాలా గట్టిగా పట్టుకున్నాయి. సంగటి వాసనకు వాంతి, తాలింపుకు వాంతి, చివరికి ఉడికే అన్నం వాసన కూడా పడేది కాదు. బెంగళూరులో చూసుకునేవాళ్లు లేరని పుట్టింటికి తీసుకొచ్చాం గానీ ఇక్కడా అదే వరస. డాక్టరమ్మ తూకం చూసి నలభై మూడున్నర కిలోలు అంది. వచ్చే శుక్రవారానికి నలభై మూడు కంటే తగ్గితే ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించాల్సిందేనని చెప్పింది. అక్కకు సూదంటే చిన్నప్పటి నుంచీ వణుకు. ఆ మాట విన్నాక బలవంతంగా తినేది, తిన్నది నిలిచేది కాదు, గోడవైపు తిరిగి ఏడ్చేది. ఏం తినాలనిపిస్తోందని అమ్మ అడిగి అడిగి వదిలేశాక, ఒక సాయంత్రం తనే చెప్పింది: బెంగళూరులో వాళ్ల సందు చివర బండి మీద చేసే రొయ్యల నూడుల్స్.

బావ ఆ బండి అతన్నే అడిగి పద్ధతి తెలుసుకొని వచ్చాడు. నూడుల్స్ ముప్పాతిక వంతు ఉడికించి, వార్చి, నూనె పట్టించాలి. బాణలి పొగలు కక్కాలి. రొయ్యలు రంగు మారగానే తీసేసి చివర్లో మళ్లీ కలపాలి. మా గ్యాసు పొయ్యికి అంత మంట రాదు. పైగా వంటింటి వాసనంటేనే అక్కకు పడదు. అందుకే పెరడు, పొట్టు పొయ్యి. మెకానికల్ డిప్లొమా చివరి సంవత్సరంలో ఉన్నానని మంట సంగతి నాకు అప్పగించారు. తీరా చూస్తే వెనిగర్ లేదు. నేను అంగడికి పోయాను. బావ, అమ్మ అక్క దగ్గరికి వెళ్లారు. రొయ్యల దగ్గర అవ్వ ఒక్కతే మిగిలింది.

మా వైపు సముద్రం అంటే సంతలో గోనెపట్టా మీద కుప్పపోసిన ఎండురొయ్యలే. అవ్వ పెనుకొండ సంతలో వాటిని వేలితో కెలికి, వాసన చూసి తెచ్చేది. ఉత్త పెనం మీద చిటపటలాడేదాకా వేయించేది. వేడినీళ్లు పోసి, మూతపెట్టి, ఉబ్బాక వంకాయతో వండేది. ఆమె చేతికి తెలిసిన రొయ్య అదొక్కటే. నేను వెనిగర్‌తో తిరిగొచ్చేసరికి పచ్చివాటిని కూడా బాగా వేయించి, వేడినీళ్లు పోసి, మూతపెట్టి కూర్చుని ఉంది.

మూత తీశాను. వేలంత రొయ్యలు జీడిపప్పంత అయ్యాయి. ఒకటి నోట్లో వేసుకుంటే సైకిల్ ట్యూబు ముక్క నమిలినట్టుంది. బావ వచ్చి చూసి, ఖాళీ ఐసు పెట్టెకు మూత పెట్టాడు. అదే అవ్వకు ఎక్కువ గుచ్చుకుంది.

"ఎండువైతే ఇట్లనే కదప్పా చేసేది," అంది నాతో. "ఇవీ రొయ్యలే కదా, ఉబ్బుతాయనుకుంటి."

మళ్లీ రొయ్యలు రావాలంటే బావకు సెలవు దొరికే వచ్చే ఆదివారమే. తూకం అంతకు ముందే. అమ్మ పొయ్యి ఆర్పేయమంది. అవ్వ రొయ్యలను తీసి పక్కన పెట్టి, నీళ్ల గిన్నె పట్టుకుని కరివేపాకు చెట్టు వైపు నడిచింది. ఎండురొయ్యలు నానబెట్టిన నీళ్లు ఎప్పుడూ ఆ పాదులోకే పోయేవి.

అప్పుడు చూశాం, అక్క పెరటి తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ముక్కుకు కొంగు అడ్డం లేదు.

"అవ్వా, ఏమది? యాడికి ఎత్తుకపోతాండావు?"

"పాడు చేసినా తల్లీ. పారబోస్తాండా."

"పారబోయొద్దు. బండికాడ వచ్చే వాసన అదే. నాకు ఆకలైతాండాది."

అమ్మ నూడుల్స్ పొట్లాలు చించి, ఉడికించి వార్చింది. నేను దోసిళ్లతో పొట్టు వేస్తుంటే మంట బాణలి అంచు దాటింది. అవ్వ వెల్లుల్లి దంచి ఇచ్చింది. బావ బండి అతనిలాగా బాణలి ఎగరేయబోయి కొన్ని నూడుల్స్ నేల మీద వేశాడు.

"అల్లుడా, వంట చేస్తాండావా, కోళ్లకు మేత ఏస్తాండావా?" అంది అవ్వ. ఆమె గొంతులోకి మళ్లీ ప్రాణం వచ్చింది.

ఆ నీళ్లు గరిటె గరిటె పోశాం. పోసినప్పుడల్లా చుర్రుమని ఆవిరి లేచేది, నూడుల్స్ వాటిని తాగేసేవి. చివర్లో రొయ్యలు కలిపాం.

అక్క బట్టలుతికే బండ మీద కూర్చుని తింది. రొయ్యలను ఒక్కొక్కటీ ఏరి పళ్లెం అంచున పెట్టింది. అవ్వకు పళ్లు లేవు కాబట్టి అవి బావకు వెళ్లాయి, ఆయన చాలాసేపు నమిలాడు. అమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని పక్కనే నిలబడింది. ఆ చెంబుతో పని పడలేదు. అక్క ఇంకొంచెం పెట్టమంది.

సోమవారం నుంచి అవ్వ ఎండురొయ్యలు నానబెట్టి ఆ నీళ్లతోనే నూడుల్స్ చేయించింది. రొయ్యలు మేం తిన్నాం, నీళ్లు అక్కకు. ఆ వారం కరివేపాకు పాదుకు ఏమీ దక్కలేదు.

శుక్రవారం తూకం: నలభై నాలుగు కిలోల రెండు వందల గ్రాములు.