ఒక వరుస ఎక్కువ

ఈ ఉదయం మేడ్చల్ మార్కెట్లో తంగేడు పూల కుప్ప దగ్గర ఆగాను. ఆ పచ్చి వాసనకు సుజాత గుర్తొచ్చింది. చిన్నప్పుడు బతుకమ్మ పండుగకు మేమిద్దరం శామీర్‌పేట చెరువు వైపు వెళ్లి, ఒకే సంచిలో పూలు కోసుకొచ్చేవాళ్లం. సాయంత్రం నా బతుకమ్మను సుజాత బతుకమ్మ పక్కనే పెట్టి ఆడాలని నా ఆశ.

ఒక ఏడు అలా పెట్టగానే సుజాత వాళ్ల అవ్వ చూసింది. "గీడ గాదు బిడ్డా, మీది గా పక్కకు వెట్టుకో పో" అంది.

నా బతుకమ్మ మరీ పొట్టిగా ఉందేమో అనుకున్నాను. మరుసటి ఏడు గునుగు, తంగేడు కలిపి నా నడుము దాకా పేర్చాను.

"మస్తున్నదే! ఈ తాప మా అవ్వనే పిలుస్తది సూడు" అని సుజాత నవ్వింది.

అవ్వ మళ్లీ అదే మాట అంది.

బతుకమ్మను నీళ్లలో వదిలి వస్తూ, "ఇంకెంత ఎత్తు పేర్వాలె?" అని అమ్మను అడిగాను.

"ఎత్తు గాదు బిడ్డా, మన కులం" అంది అమ్మ.

మా ఇద్దరి బతుకమ్మలూ కలిసింది ఒకే చెరువులో. గౌరమ్మను ఈనాటికీ కొలుస్తున్నాను. ఆమె ముందే నన్ను పక్కకు పంపినవాళ్లను మాత్రం క్షమించలేకపోతున్నాను. అయినా, పేర్చేటప్పుడు నా చేతులు ఒక వరుస ఎక్కువే పేరుస్తాయి.