శోభ ఎంచుకున్న భాష

రోగులు డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకునే ఒక వెబ్‌సైటులో ప్రతి మీటా నొక్కి చూసి, తప్పులు పట్టుకోవడం శోభ ఉద్యోగం. కంపెనీ హైదరాబాద్‌లో ఉంది. కరోనా అప్పుడు గోదావరిఖనికి వచ్చేసి, ఆమె ఇక్కడి క్వార్టరు నుంచే పనిచేస్తోంది. భర్త వీరేందర్ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. మామ సదయ్య అండర్‌గ్రౌండ్ గనిలో చేసి రిటైరయ్యాడు.

ఒకరోజు టీమ్ మేనేజరు జయకృష్ణ ఫోన్ చేశాడు.

"శోభ గారూ, ఇకమీదట ఈ పరీక్షలన్నీ ప్రోగ్రాములే చెయ్యాలంటున్నారు పైవాళ్లు. ఏ భాషలో రాద్దాం, ఏ ఫ్రేమ్‌వర్క్ తీసుకుందాం? సైటు మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. చూసి చెప్పండి."

అన్నేళ్ల ఉద్యోగంలో ఆమెను ఎవరైనా సలహా అడగడం అదే మొదటిసారి. వంట కూడా మామకే అప్పజెప్పి కూర్చుంది. ముందు పాఠాలు చూసి నేర్చుకుంటూ జావా భాషలో, సెలీనియం అనే ఫ్రేమ్‌వర్క్‌తో ఒక టెస్టు రాసింది. పేజీ కాస్త ఆలస్యంగా తెరుచుకుంటే చాలు, ఇంకా రాని మీటను నొక్కబోయి టెస్టు ఫెయిలయ్యేది. ప్లేరైట్ అనే ఇంకో ఫ్రేమ్‌వర్క్ అలా కాదు, మీట కనబడేదాకా తనే ఆగేది. ఫ్రేమ్‌వర్క్ తేలింది. ఇక భాష. సైటు తయారుచేసే డెవలపర్లు రాసేది టైప్‌స్క్రిప్ట్. కానీ తన టీములో మిగతా వాళ్లెవరూ ఎన్నడూ ప్రోగ్రాము రాసినవాళ్లు కారు. అదే టీములో నస్పూర్ నుంచి పనిచేసే యమునకు పైథాన్ అనే భాషలో రాసిన టెస్టు ఒకటి పంపింది.

"అక్కా, గిది చదువుతుంటెనే సమజైతుంది గదా!" అంది యమున. శోభ మనసు అక్కడే స్థిరపడింది.

మీటింగులో ఒక డెవలపర్ అడ్డుచెప్పాడు. "టైప్‌స్క్రిప్ట్ అయితే మేమూ ఓ చెయ్యి వేస్తాం కదండీ."

"టెస్టు ఫెయిలైతే ముందు చూసేది మేమే సార్. మాకు చదివినా అర్థంకాని భాషలో రాస్తే అవి మా చేతిలో ఉండవు" అంది శోభ. జయకృష్ణ ఆమె మాటే ఖాయం చేశాడు.

ఆ వానాకాలమంతా రాశారు. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగుకు కిటికీలు అదిరినా, కరెంటు పోయినా యమునకు ఫోన్లోనే పాఠం చెప్పింది శోభ. టెస్టులు చక్కగా నడిచాయి. టీమంతా వారం పాటు చేసే పని పొద్దున టీ తాగేలోపు అయిపోయేది. అందరూ మెచ్చుకున్నారు.

తర్వాత, ఇంతమంది అక్కర్లేదన్నారు. యమునతో సహా టీములో మిగతా వాళ్లందరినీ తీసేశారు.

"మీ ఎంపిక తప్పు కాదండీ. అంత బాగా పనిచేసింది కాబట్టే..." అని జయకృష్ణ మాట మింగేశాడు.

చలికాలం ముగిసేలోపు శోభ వంతూ వచ్చింది. టెస్టులు డెవలపర్లకు అప్పగించమన్నారు. వాళ్లు ఏఐకి చెప్పి అన్నింటినీ ఒక్క పూటలో టైప్‌స్క్రిప్ట్‌లోకి మార్పించుకున్నారు. మర్నాడు ఆమె లాగిన్ పనిచేయలేదు.

"మాకు యూనియన్ ఉండె బిడ్డా" అన్నాడు సదయ్య. "ఆఫీసు ముందట కూసుంటే మేనేజరు బయటికొచ్చి మాట్లాడెటోడు. నిన్ను తీసేసినాయన యాడుంటడు?"

"తెల్వదు మామా. ఎన్నడు మొకం గూడ చూడలె."

ఇంటర్వ్యూలకు ప్రయత్నించింది. ఒకరు జావా, సెలీనియం వచ్చా అన్నారు. ఇంకొకరు అసలు టెస్టర్లనే తీసుకోవడం లేదన్నారు. శోభ జావా పాఠాలు మళ్లీ తెరిచింది.

"ఇది నేర్సుకుంటె నౌకరి దొరుకుతదా?" అడిగాడు వీరేందర్, డ్యూటీకి బూట్లు వేసుకుంటూ.

"ఏమో. నేర్సుకునేటాళ్లకు అది గూడ పోతదేమో."

అతను టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం యమున ఫోన్ చేసింది. మంచిర్యాలలో చీరల షాపులో చేరిందట. "పైథాన్ మర్సిపోతున్న అక్కా. దినాం జరంత చూస్కోవాల్నా, ఇడిసిపెట్టాల్నా?"

చూసుకోమంటే ఎందుకో చెప్పాలి. విడిచిపెట్టమనడానికి నోరు రాలేదు.

"నీ ఇష్టం యమునా" అంది శోభ చివరికి.

"గిరాకొచ్చింది, ఉంట అక్కా" అని యమున ఫోన్ పెట్టేసింది. శోభ ముందు జావా రెండో పాఠం తెరిచే ఉంది.