పోలయ్య పచ్చజెండా

పోలయ్యకు ఒకటే జబ్బు. వెనక్కి తిరిగి చూడనిదే ఏ పనీ మొదలుకానివ్వడు. టాటానగర్లో ముప్ఫయ్యేళ్ళు గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయింది గాని చంకలో పచ్చజెండా పోలేదు. అక్కడి బర్మామైన్స్ బస్తీలో ఏ తెలుగింట భోజనాలైనా, బంతి చివరి మనిషికి విస్తరి పడిందని చూసి ఆయన జెండా ఊపేదాకా ఎవరూ ముద్ద కలపకూడదు. సాంబారు చల్లారితే చల్లారనీ! తన పెళ్ళిలోనే తాళి చేత పట్టుకుని, "ఆగండెహె, మా చిన్నాన్న బండి దిగినాడా?" అన్నాడట. ముహూర్తం దాటిందని పెళ్ళాం ఇప్పటికీ దెప్పుతుంది.

డెబ్బై ఎనిమిదిలో తెలుగు సంఘం చదువు చీటీలు పెట్టింది. చీటీ దొరికిన పిల్ల సర్కారు బడికి పోయినా, ప్రైవేటు బడికి పోయినా ఖర్చు సంఘానిది. నూకాలమ్మ కూతురు జగదాంబ ఆరో తరగతిలో చేరాలంటే ఆ చీటీయే దిక్కు. నూకాలమ్మ మొగుడు తవిటయ్య రైల్వే యార్డులో పనిచేస్తూ చనిపోయి ఏడాదైంది.

మొదటి ఆదివారం సెక్రటరీ సీతారామరావు రూల్సు చదివాడు. ఫీజు మాత్రం ఇస్తారట. అర్జీతో తండ్రి డ్యూటీ కార్డు చూపించాలట. పోలయ్య జెండా లేవలేదు.

"సర్కారు బడిలో ఫీజేటుంది బాబూ? ఆళ్ళకి పుస్తకాలు, బట్టలు ఎవులిత్తారు?"

మళ్ళీ రాశారు.

రెండో ఆదివారం: "ప్రైవేటు బడోళ్ళు తెలివైన పిల్లల్నే ఏరుకుంటే మిగిలినోళ్ళేటైపోవాల? లాటరీ తియ్యండి."

మళ్ళీ రాశారు. నాలుగిళ్ళ అంట్లు తోమి వచ్చిన నూకాలమ్మ రెండుసార్లూ గోడకానుకుని కునికిపాట్లు పడింది. ఏం చదివారో ఆమెకు తెలియదు. జెండా లేవలేదని మాత్రం తెలుసు.

మూడో ఆదివారమూ లేవలేదు. ఆమెకు ఓపిక చచ్చిపోయింది.

"మావా, బడిలో పేరెక్కించడానికి రేపే ఆకరు. ఎత్తవేటి ఆ గుడ్డ?"

"బండి వెనక పెట్టి ఇంకా కనబళ్ళేదమ్మీ."

"బండే లేదిక్కడ, పెట్టేటి!"

అందరూ నవ్వారు. సీతారామరావుకు నవ్వు రాలేదు. "మిగతావి మార్చినా, మూడు వారాలుగా ఆ ఒక్క రూలు కింద ఎర్రగీత గీస్తూనే ఉన్నావు, గార్డుగారూ! తండ్రి డ్యూటీ కార్డు చూపించలేని పిల్ల ఎవరో పేరు చెప్పు. దయతలిచి ఒక చీటీ ఇచ్చేద్దాం."

"పేరెందుకు బాబూ? బండి ఆపడానికి పాసింజరు పేరు అడుగుతామేటి? దయొద్దు. రూలు మార్చు."

నూకాలమ్మకు నిద్రమత్తు వదిలింది. పోలయ్య మాత్రం ఆమె వైపు చూడనేలేదు. సీతారామరావు తల పట్టుకుని, 'తండ్రి డ్యూటీ కార్డు' కొట్టేసి, 'ఇంటి పెద్ద వేలిముద్ర' అని రాశాడు. అప్పుడు లేచింది జెండా.

చీటీ దొరికి జగదాంబ పేరు బడిలో ఎక్కింది. బడి తెరిచిన రోజు తల్లీకూతుళ్ళకు ఆలస్యమే అయింది. పరుగున వచ్చేసరికి గేటు దగ్గర పోలయ్య, గంట కొట్టే ప్యూను చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఛోడో గార్డు సాబ్, టైమ్ హో గయా!" చెయ్యి వదలమని ప్యూను గింజుకున్నాడు.

"రుకో భాయ్, ఏక్ బాకీ హై." ఇంకొక్క పిల్ల రావాలని పోలయ్య పట్టు.

జగదాంబ లోపలికి దూరింది. నూకాలమ్మ రొప్పుతూ, "నీ జబ్బు నయమవ్వదేటి, మావా?" అంది.

"నయమైతే నీ పిల్ల బండెక్కునా?"

ప్యూను సుత్తి ఎత్తాడు. పోలయ్య మళ్ళీ వీధి చివరికి తిరిగి చూశాడు.

"ఉండెహె!"