వందనాలు మాత్రమే చెప్పిన ప్రార్థన

మొన్న ఆదివారం సాయంత్రం, బెంజ్ సర్కిల్ దగ్గర మా అబ్బాయి ఫ్లాటులో కుటుంబ ప్రార్థనకు కూర్చున్నాం. నా మోకాళ్ళు వంగడం మానేసి చాలా ఏళ్ళయింది కనుక నాకు కుర్చీ, మిగిలినవాళ్ళకు సోఫాలు. మా మనవడు ఇంజనీరింగు పూర్తిచేసి, చేరిన ఉద్యోగం మూడు నెలలకే మానేసి, ఏం చెయ్యాలో తెలియడం లేదంటూ ఇంట్లోనే ఉంటున్నాడు. మా అబ్బాయి దేశం కోసం, సంఘం కోసం, నా ఆరోగ్యం కోసం ప్రార్థించి, ఆఖరున "మా వాడికి కాస్త బాధ్యత తెలిసేట్టు చెయ్యి తండ్రీ" అన్నాడు. ప్రార్థనలో కళ్ళు తెరవకూడదని పిల్లలందరికీ చెప్పే నేనే తెరిచాను. మనవడు కాలి బొటనవేలితో తివాచీ అంచును అదేపనిగా రాస్తున్నాడు. ఆ బొటనవేలు నాకు తెలుసు. నలభై ఏళ్ళ కిందట, పామర్రు దగ్గర మా ఊళ్ళో, ఈతచాప మీద మోకరించినప్పుడు వాళ్ళ నాన్న చేసినపనే అది.

మా అబ్బాయి పదినెలల పిల్లవాడిగా ఉన్నప్పుడు జ్వరం తగిలి, పాలు కూడా మింగలేని స్థితికి వచ్చాడు. ఆ భయంలో నేను, వీణ్ణి బతికిస్తే నీ సేవకే ఇస్తానని ప్రభువుకు మాట ఇచ్చాను. పిల్లవాడు లేచి తిరిగాడు. నేను ఊరుకోలేదు, మరుసటి ఆదివారం గుడిలో నిలబడి సాక్ష్యం చెప్పాను. ఇక అంతే, పాస్టరును అయ్యగారనే మా ఊరంతా, మాటలు కూడా సరిగా రాని పసివాణ్ణి చిన్నయ్యగారు అని పిలవడం మొదలుపెట్టింది. గోళీలాడితే చిన్నయ్యగారు గోళీలాడుతున్నాడని నవ్వేవాళ్ళు, చెట్టెక్కితే దింపేవాళ్ళు. అది వాడికి ఎంత బరువో నాకు అప్పుడు తట్టలేదు, గర్వంగా ఉండేది.

వాడు బెజవాడలో బి.ఏ. పూర్తిచేసుకుని వచ్చాక పాస్టరు చదువుకు దరఖాస్తు తెప్పించారు మా వారు. అది గూట్లో అలాగే ఉండిపోయింది. టైపు నేర్చుకుంటానని రెండు నెలలు వెళ్ళాడు, మందుల షాపులో కొన్నాళ్ళు నిలబడ్డాడు, ఏదీ కుదరలేదు. మా వారు బడిపంతులు, వాణ్ణి పల్లెత్తు మాట అనేవారు కాదు. కానీ ప్రతి సాయంత్రం ప్రార్థనలో మాత్రం, ఈ బిడ్డ కళ్ళు తెరిపించమని, సోమరితనం తీసివెయ్యమని, వీడి తల్లి ఇచ్చిన మాట నిలబెట్టమని పేరు పెట్టి అడిగేవారు. నేను పక్కన మోకరించి ప్రతి మాటకూ ఆమెన్ అనేదాన్ని.

కొన్నాళ్ళకు వాడు ప్రార్థనకు రావడం మానేశాడు. సరిగ్గా ఆమెన్ అనగానే గుమ్మంలోకి వచ్చేవాడు. అంత కచ్చితంగా ఎలా వస్తున్నాడో అర్థంకాక, ఒక సాయంత్రం పాట మొదలవగానే నేను లేచి బయటికి వెళ్ళి చూశాను. మా ఇంటి వెనక కాలవ రేవు మెట్ల మీద, ఆయన గొంతు వినిపించేంత దూరంలో, చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నేను కూడా పక్క మెట్టు మీద కూర్చున్నాను.

"నాన్న దేవుడితో మాట్లాడుతున్నట్టుండదమ్మా, నాతో మాట్లాడుతున్నట్టుంటుంది. జవాబు చెబుదామంటే కళ్ళు మూసుకుని ఉంటాడాయన," అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "మొక్కుకుంది నువ్వు. నన్నెవరూ అడగలేదుగా. పాస్టర్ని కాలేనని తెలుసు. ఏమవుతానో మాత్రం నిజంగా తెలీదమ్మా," అన్నాడు.

నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. మర్నాడు భయపడుతూనే పాస్టరు గారి దగ్గరకు వెళ్ళి సంగతంతా చెప్పాను. ఆయన పెద్దమనిషి, మందలిస్తారనుకున్నాను. "ఇంకొకళ్ళ కాళ్ళు మొక్కుబడిగా ఇస్తే ఎట్లాగమ్మా, నడవాల్సింది వాళ్ళు కదా. నీకు నాలుగక్షరాలు వచ్చుగా, నీ మొక్కు నువ్వు తీర్చుకో," అన్నారు. నేను బడి గుమ్మం తొక్కినదాన్ని కాదు. మా నాన్న ఇంట్లోనే కూర్చోబెట్టి, వాక్యం మీద వేలు పెట్టించి చదవడం నేర్పాడు. ఆ వారం నుంచే మధ్యాహ్నాలు మా అరుగు మీద, నాట్లకు వెళ్ళొచ్చిన ఆడవాళ్ళకు అలాగే వేలు పెట్టించి అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాను.

ఇంట్లో మాత్రం ఒక్కటే చేశాను. సాయంత్రం మా వారు గొంతు సవరించుకోగానే, ఈపూట నేను చేస్తానండీ అన్నాను. మా ఇంట్లో ఎన్నడూ లేని సంగతి అది. "ప్రభువా, ఈ బిడ్డను మాకిచ్చినందుకు వందనాలు. ఆమెన్," అన్నాను. ఆయన ఒక కన్ను తెరిచి, "అంతేనా?" అన్నారు. అంతేనండీ అన్నాను. కొన్నాళ్ళు గొణిగారు గానీ, దేవుడి మంచితనం, ఆఖరి ప్రార్థన నాకే వదిలేశారు, మళ్ళీ ఎన్నడూ వాడి గురించి పైకి ఏమీ అడగలేదు. నాలుగో రోజో ఐదో రోజో వాడు వచ్చి చాప చివర మోకరించాడు.

రెండేళ్ళు అలా గడిచాయి. మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా, "ఏం వదినా, మీ చిన్నయ్యగారికి ఏ ఊరి సంఘం ఇస్తున్నారు?" అని దెప్పేది. నాకూ లోపల అడగాలనే ఉండేది, నాలుక చివరిదాకా వచ్చిన కోరికను మింగి, వందనాలు చెప్పి లేచేదాన్ని.

ఒక ఏడు వానలకు చేలు మునిగాయి. నీళ్ళు తోడే ఆయిలింజను ఆగిపోయి, పామర్రు నుంచి మేస్త్రీ రాలేక, నాట్లు కుళ్ళిపోతాయని అందరూ గట్టుమీద తలలు పట్టుకున్నారు. మావాడు అక్కడ ఊరికే నిలబడినవాడల్లా దాని పక్కన చతికిలబడి, ఒక్కొక్క భాగమే విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు. పొద్దు వాలే వేళకు అది తిరిగింది. వాడు మసిచేతులు కడుక్కోకుండానే వచ్చి మోకరించాడు. నేను ఆమెన్ అనబోయేలోగా వాడి గొంతు వినిపించింది. "ఇంజను తిరిగినందుకు వందనాలు ప్రభువా." మా వారు కండువాతో మొహం తుడుచుకుని, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నారు. ఆ మేస్త్రీ దగ్గరే పని నేర్చుకుని, తర్వాత పామర్రులో సొంత షెడ్డు పెట్టి, జీవితమంతా ఇంజన్లతోనే గడిపాడు. దరఖాస్తు కాగితం గూట్లోనే చెదలు తింది.

అలాంటివాడు ఇప్పుడు కొడుకు పక్కన కూర్చుని వాళ్ళ నాన్నలాగే ప్రార్థిస్తున్నాడు. తండ్రి కావడమంటే మరిచిపోవడమేనేమో. సోమవారం సాయంత్రం, ఈపూట నేను చేస్తాను నాన్నా అని మా అబ్బాయితో అన్నాను. "ఈ బిడ్డను మాకిచ్చినందుకు వందనాలు. ఆమెన్." అందరూ కళ్ళు తెరిచారు, మా అబ్బాయి మాత్రం చాలాసేపు తెరవలేదు.

ఆ రోజుల్లో అలిగిన బిడ్డ మహా అయితే కాలవ రేవు దాకా వెళ్ళేవాడు, మన ఆమెన్ వినిపించే దూరంలోనే ఉండేవాడు, పక్కన కూర్చోవడానికి ఒక మెట్టు ఉండేది. ఇప్పుడు పక్క గదిలోనే తలుపు వేసుకుని, చెవుల్లో ఏవో పెట్టుకున్న బిడ్డకు మన గొంతు వినపడదు, కూర్చోవడానికి మెట్టెక్కడుందో నాకు తెలియడం లేదు. అయినా నిన్న మనవడు ఎవరూ పిలవకుండానే ప్రార్థనకు వచ్చాడు. సోఫా ఖాళీగానే ఉంది, వాడు మాత్రం కింద, నా కుర్చీ కాలికి ఆనుకుని కూర్చున్నాడు.