నల్లపిల్ల వేషం

మొన్న నా మనవరాలు ఫోన్ చూస్తూ, ఒక పాత నవలను మళ్లీ సినిమాగా తీస్తున్నారని చెప్పి, కథానాయికగా తీసుకున్న అమ్మాయి బొమ్మ చూపించింది. పాలమీగడలాంటి పిల్ల. నా ఒళ్లు మండిపోయింది. "ఎందుకు అమ్మమ్మా గంత కోపం?" అంది. ఈ కోపం ఇవాళ్టిది కాదు.

నైజాం రోజుల్లో చేవెళ్లలో మా తాతకు బెల్లం, నూనెల దుకాణం ఉండేది. చిన్నవయసులోనే భర్త పోయి పుట్టింటికి చేరిన మా మేనత్త, దుకాణం వెనక గదిలో కూర్చుని ఆ నవలను మాకు చదివి వినిపించేది. అందులో కథానాయిక ఒక కూలిపిల్ల, నల్లటిది. ఆ నలుపును వెక్కిరించినవాళ్లే చివరికి ఆమె ముందు తలవంచుకోవడమే అసలు కథ. మేనత్తదీ అదే రంగు. మా చుట్టాలు ఆమె పేరు మరిచిపోయినా రంగు మాత్రం మరిచిపోయేవాళ్లు కాదు.

ఒక వేసవిలో మద్రాసు నుంచి సినిమావాళ్లు వచ్చి మొయినాబాద్‌లో ఒక పటేలు ఇంట్లో దిగారు. ఆ నవలే తీస్తారట, ఈ ప్రాంతపు మాట తెలిసిన పిల్ల కావాలట. మేనత్త వెళ్తానంది. మొగుడు పోయిన మనిషి ముఖానికి రంగేసుకుంటుందా అని కులపెద్దలు దుకాణం ముందు చేరి అరిచారు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడని తాత తక్కెడ కింద పెట్టి, "నా బిడ్డ చేస్తది. మీకు బెల్లం కావాల్నా? లేకుంటే జరుగుండ్రి," అన్నాడు. ఆ తర్వాత చాలాకాలం మా కులంవాళ్లెవరూ మా దుకాణం మెట్టెక్కలేదు.

బండి కట్టించుకుని తాత, మేనత్త, నేను ముగ్గురం వెళ్లాం. కళ్లంలో కూలిపిల్ల దొరను నిలదీసే ఘట్టాన్ని పటేలు వాకిట్లో మేనత్త చేసి చూపించింది. "నా ఒళ్లు నల్లగున్నది సరే దొరా, నేను దంచిన బియ్యం తెల్లగనే ఉన్నయి కద!" అనేసరికి, దారిన పోతున్న ఆడవాళ్లు గడ్డిమోపులు దించి నిలబడిపోయారు. దర్శకుడు కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుని, "బ్రహ్మాండంగా చేశావమ్మా. కానీ హీరోయిను తెల్లగా ఉండాలి. బొంబాయి అమ్మాయిని ఎప్పుడో ఖాయం చేశాం. నీకు పనిమనిషి వేషం ఇస్తాం, ఆమెకు కాస్త నీ మాట నేర్పిపెట్టు," అన్నాడు.

ఎప్పుడో ఖాయం చేశారట! మరి కులపెద్దలతో తిట్లు తిని మా తాత ఎందుకు వచ్చినట్టు?

మేనత్త కొంగు సరిచేసుకుని, "పుస్తకం చదివిన్రా సారూ మీరు?" అని అడిగింది.

"చదవకుండా ఎలా తీస్తామమ్మా?"

"చదివి గూడ గిట్ల చేస్తున్నరంటే, చదవనోళ్లే నయం. బాపూ, నడువు."

సినిమా పట్నంలో ఆడినప్పుడు తాత మమ్మల్ని తీసుకెళ్లాడు. తెర మీద కూలిపిల్ల కడిగిన పింగాణీ గిన్నెలా మెరుస్తోంది. నలుపు మాటే కథలోంచి తీసేశారు. ఆడవాళ్ల వైపు కూర్చున్న మేనత్త లేచి, "గిది ఆ పిల్ల కాదు!" అని అరిచింది. కూర్చోమని ఎవరో కసిరారు. కూర్చోలేదు. నిలబడే కళ్లం ఘట్టం మొదలుపెట్టింది. గేటు మనిషి వచ్చి ఆమెను బయటికి లాగబోతే, వెనక నుంచి ఒక ముసలమ్మ, "ఇడువు బిడ్డను, చెప్పనియ్యి," అంది. చివరి మాటదాకా చెప్పాకే మేనత్త బయటికి నడిచింది.

ఆమె మళ్లీ ఏ వేషమూ వేయలేదు. ముసలితనం చూడకుండానే పోయింది. ఫోటో ఒక్కటీ లేదు. కాలం అన్నిటినీ చల్లారుస్తుందంటారు. అది మనుషులను తీసుకుపోవడమే చూశాను గానీ, వాళ్ల కోపాన్ని తీసుకుపోవడం ఇంతవరకు చూడలేదు.