అక్క కొడవలి పిడి

మొన్న పొద్దున మా వాడకు పాత ఇనుము కొనే ఆటో వచ్చింది. పూర్వం ఈ పని చేసే మనిషి నెత్తిన గంప పెట్టుకుని గొంతు చించుకునేవాడు, ఇప్పుడు ఆటోకు కట్టిన మైకులోంచి ఎవరిదో గొంతు అరుస్తూ ఉంటే ఈయన హాయిగా ఫోను చూసుకుంటున్నాడు. మా ఇంటామె కొట్టం సర్దుతానని రెండు రోజులుగా దుమ్ము లేపుతోంది, ఓటి బకెట్లు, తుప్పు పట్టిన పారలు, ఎప్పటివో నాగలి కర్రులు తెచ్చి వాకిట్లో పోసింది. ఆ కుప్పలో తెల్లటి పిడి ఉన్న కొడవలి ఒకటి కనబడగానే నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాను. అప్పటికే ఆటో ఆయన దాన్ని గోతంలో పడేసుకున్నాడు, నేను లాక్కోబోతే ఆయన గుంజాడు, నేను ఆయన మెడ మీది చొక్కా పట్టుకున్నాను. అరవై దాటినా నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది మా వంశంలో మగవాళ్లందరికీ ఉన్న రోగం, దానికి ఏ దవాఖానలోనూ మందు లేదు.

ఆ కొడవలి మా అక్కది, దాని పిడి నేను చేసింది. ఆ పిడి చేయడానికి కావలసిన పనిముట్టును కూడా ముందు నేనే చేసుకోవలసి వచ్చింది, అదొక కథ.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను హైదరాబాదులో పని మానేసి కట్టంగూర్ వచ్చేశాను. పాతికేళ్లకు పైగా షెడ్లలో టర్నరుగా చేసినవాణ్ణి, యంత్రం చప్పుడు లేకపోతే నాకు అన్నం అరగదు, అందుకని మూతపడుతున్న ఒక షెడ్డులోంచి చిన్న లేతు మిషను ఒకటి కొనుక్కొచ్చి ఇంటి ముందరి వసారాలో దింపుకున్నాను. బోరు మోటార్ల బుష్షులు, మందు కొట్టే పంపుల పిన్నులు, అట్లాంటి చిల్లర పనులు చేసేవాణ్ణి. వసారాలోకి ఎవరొచ్చినా ముందు లేతునే చూసేవారు, ఆ తర్వాతే నన్ను.

ఒకనాడు ఆ వసారాలోకి అక్క వచ్చింది. మోత్కూర్ దగ్గరి ఊళ్లో ఇచ్చారు ఆమెను. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, మూట లేకుండా, చెప్పులు లేకుండా వచ్చి నిలబడింది. బావ గొడ్డలి కామతో, అంటే దాని కర్రపిడితో కొట్టాడు. బర్రె పాలు చేపకుండా తన్నిందట, చెంబు ఒలికిందట, అంతే కారణం. అంతకు ముందు కూడా కొట్టేవాడు, పెళ్లయిన ఏడాది నుంచీ కొట్టేవాడు, అది మాకు తెలియని సంగతి కాదు, కానీ ఈసారి మణికట్టు దగ్గర ఎముక రెండుగా విరిగింది. ఇక్కడికి రానీయకుండా ఊళ్లోనే ఎవరితోనో కట్టు కట్టించి ఇంట్లో కూర్చోబెట్టారు, ఆ కట్టు విప్పాక చూసుకుంటే చిటికెన వేలూ ఉంగరపు వేలూ ముడుచుకోవడం మానేశాయి. అది చూసుకున్న రోజే ఆమె బస్సెక్కింది. నన్ను చంకనేసుకుని పెంచిన చెయ్యి అది. నేను లేతు మీది ఇనుప రాడు తీసుకుని బయలుదేరాను, మోత్కూర్ పోయి బావ రెండు చేతులూ విరగ్గొట్టి వద్దామని, మా ఇంటామె తలుపుకు అడ్డం కూర్చుంది. జైల్లో నీకు లేతు మిషను పెట్టరు అంది. ఆ మాటకు ఆగానో, అక్క ఏడుపుకు ఆగానో ఇప్పుడు చెప్పలేను.

తర్వాత కులపెద్దలు కూర్చున్నారు. మన ఈడు వాళ్లకు తెలుసు ఆ పంచాయితీలు ఎట్లా ఉండేవో, ముందు మొగుడిని నాలుగు తిట్టి, తప్పు కట్టించుకుని, ఆ తప్పు డబ్బుతోనే కల్లు తాగి, ఆఖరికి ఆడమనిషినే సర్దుకుపొమ్మనేవారు. ఇదీ అట్లాగే అయింది. ఉగాది వెళ్లాక మంచిరోజు చూసి తమ్ముడు ఒడిబియ్యం పోసి అక్కను సాగనంపాలి, అదీ తీర్పు. ఒడిబియ్యం అంటే మన దగ్గర ఎంత ముద్దుగా చేసే పండుగో చెప్పనక్కరలేదు, పసుపు కలిపిన బియ్యం, ఎండు కుడుకలు, పోకలు, కొత్త చీర, పుట్టింటి ఆడబిడ్డ కొంగు పట్టి నిలబడితే తమ్ముడు దోసిళ్లతో పోయడం. ఆ బియ్యం ఒళ్లో పడ్డ తర్వాత అత్తగారింటికి పోకుండా ఉన్న ఆడబిడ్డను నేను చూడలేదు.

అక్క ఆ తీర్పు విని ఇంటికొచ్చింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మా ఇద్దరికీ తన మాట చెప్పింది.

“తమ్మీ, నీ ఇంట్ల కూసొని తినుడు నాతోటి గాదు. ఒక మోపు గడ్డి నా చేత్తోని కోసుకున్ననా, ఒక బర్రెను వెట్టుకొని ఈడనే బతుకుత. కోసుడు గాకపాయెనా, వోత. ఆడనే సస్త.”

ఆమె పంతం నాకు తెలుసు, తోబుట్టువును కదా. అంటే అక్క బతుకంతా ఒక మోపు పచ్చిగడ్డి మీదికి వచ్చి ఆగింది.

తెల్లారి కొడవలి తీసుకుని పొలంగట్టుకు పోయింది, వెంటనే తిరిగొచ్చింది. మూడు వేళ్లతో కర్రపిడి నిలవడం లేదు, మంచుకు తడిసిన గడ్డిని గుంజి కోసేసరికి పిడి చేతిలో తిరిగిపోయి కొడవలి మొన కాలిపిక్కలో దిగింది. నేను పిడికి గుడ్డ చుట్టాను, తడిసి జారింది. సైకిల్ ట్యూబు చుట్టాను, అది పిడి మీదే గుండ్రంగా తిరిగింది. ఇనుప పిడి వేస్తే బరువుకు మణికట్టు నొప్పెట్టి ఆమె పళ్లు కొరుక్కుంది. అప్పుడు నాకు మన పాత టార్చిలైటు గుర్తుకొచ్చింది. దాని ఒంటి మీద సన్నటి గళ్లు గరుకుగా ఉండి, చెమట చేతికి కూడా పట్టు దొరికేది గుర్తుందా? ఆ గళ్లు పెట్టడాన్నే మా పనిలో నర్లింగ్ అంటారు. లేతు మీద తిరుగుతున్న ముక్కకు పళ్లున్న చిన్న ఉక్కు చక్రాలను ఒత్తి పట్టుకుంటే ఆ పళ్ల అచ్చు దాని మీద పడుతుంది.

మిద్దె మీద పాత టీవీ యాంటెనా వంగిపోయి కాకులకు ఆసరాగా ఉండేది. దాని అల్యూమినియం గొట్టం కోసి, లోపల తుమ్మచెక్క దిగ్గొట్టి, లేతుకు బిగించి, నా దగ్గరున్న చక్రాలతో ఒత్తాను. ఒత్తే పద్ధతికి బండబలం కావాలి, పెద్ద మిషను కావాలి, నాదేమో చిన్న మిషను, గొట్టమేమో పలచన. తెలిసి కూడా ఇంకొంచెం, ఇంకొంచెం అని మిషను పిడి తిప్పుతూ పోయాను, ఒత్తుతున్నంతసేపూ నాకు కళ్ల ముందు బావ మెడే కనబడుతోంది. మిషను మూలిగింది, గొట్టం చొట్టపోయి వంకర తిరిగి, బిగింపు ఊడి ఎగిరొచ్చి నా కనుబొమ్మ చీల్చుకుంటూ గోడకు కొట్టుకుంది. రక్తం కంట్లోకి కారింది. పనిముట్టును ముందుకు తోసే ఇత్తడి నట్టు పళ్లు కూడా రాలిపోయాయి. అక్క పసుపు అద్దుతూ, “నువ్వు గూడ గాయన లెక్కనే ఒత్తుతున్నవ్ తమ్మీ” అంది. ఆ మాట నాకు కనుబొమ్మ కన్నా ఎక్కువ మండింది.

నట్టు కొత్తది చేసుకోవడానికే కొన్నాళ్లు పట్టింది. ఆ కూర్చున్న రోజుల్లో గుర్తుకొచ్చింది, వెనకట ఒక షెడ్డులో కొలత పరికరాల తిప్పే గుండీలకు గళ్లు పెట్టే పనిముట్టు చూశాను, అది ఒత్తేది కాదు, కోసేది. దానికి నిలువు పళ్ల చక్రాలు రెండుంటాయి, ఒకటి ఇటు ఏటవాలుగా, ఒకటి అటు ఏటవాలుగా. చక్రం మొత్తం ఆనదు, దాని అంచు ఒక్కటే ఆనుతుంది, ఆ అంచు పదునుగా ఉంటే లోహాన్ని సన్నగా కోసుకుంటూ పోతుంది, బలం పెట్టే పని లేదు. నా పెట్టెలో నిలువు పళ్ల చక్రాలు రెండున్నాయి, వాటి అంచులు గుండ్రంగా ఉంటే సానరాయి మీద పక్కలు అరగదీసి పదును తెచ్చాను. ట్రాక్టరు ఇరుసు ముక్కలోంచి చక్రాలను పట్టి ఉంచే దిమ్మె కోశాను, విరిగిన డ్రిల్లు కాడలను ఇరుసులు చేసి చక్రాలు కూర్చాను. వాలు కుదరడమే కష్టం, కొద్దిగా తేడా వస్తే ఒక చక్రం కోస్తుంది, రెండోది గీరుతుంది. ఎన్ని గొట్టం ముక్కలు పాడు చేశానో లెక్క లేదు, యాంటెనా అయిపోయి పక్కింటివాళ్ల యాంటెనా అడుక్కున్నాను. ఉగాది ముంచుకొస్తోంది, బావ ప్రతి శుక్రవారం ఫోను చేసి ఈసారి కాళ్లు విరగ్గొడతానని అక్కకు చెప్పేవాడు, అక్క వినేసి ఫోను పెట్టేసి బియ్యం ఏరుకునేది.

కుదిరిన రోజు అక్క పక్కనే నిలబడి ఉంది. కిరసనాయిలు చుక్క వేస్తూ చక్రాలను మెల్లగా ఆనించాను. మిషను మూలగలేదు. అల్యూమినియం సన్నరవ్వలా రాలుతూ ఉంటే దాని వెనకాల గళ్లు ఒక్కొక్కటే తేలుతూ వచ్చాయి. ఆపి, తుడిచి, ఆమె చేతికిచ్చాను. బొటనవేలితో రాసి చూసి, పిల్లి నాలుక లెక్కున్నదని నవ్వింది. ఆమె నవ్వగా చూసి ఎంత కాలమైందో, నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు మోపు నెత్తిన పెట్టుకుని వచ్చింది. అరచెయ్యి గళ్లకు కోసుకుపోయి పిడంతా నెత్తురు, ఆమె మాత్రం గెలిచి వచ్చిన పహిల్వాన్‌లా ఉంది. పదును కొంచెం తగ్గిస్తానంటే వద్దంది, చెయ్యే మొద్దుబారుతుందిలే అంది.

పెద్దలు చెప్పిన రోజు రానే వచ్చింది. పెద్దమనుషుల మాట కాబట్టి మా ఇంటామె చాటలో బియ్యానికి పసుపు కలిపి పెట్టింది. బావ ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని పొద్దున్నే తాగి వచ్చాడు. అక్క అప్పుడే గట్టు మీది నుంచి వచ్చి, మోపు దింపి, కొడవలి చేతిలో ఉండగానే అరుగు మీద కూర్చుంది. కొంగు పట్టు బిడ్డా అన్నాడు పెద్దాయన. ఆమె లేవలేదు.

“పోసేటోడు నా తమ్ముడు, పట్టేదాన్ని నేను. నేను పట్ట.”

బావ చాటను ఒక్క తన్ను తన్నాడు, పసుపు బియ్యం వసారా అంతా చెల్లాచెదురైంది. వచ్చి ఆ విరిగిన మణికట్టునే దొరకబుచ్చుకుని మెలిపెట్టాడు. ఇన్నేళ్లుగా అట్లా మెలిపెడితే ఆమె చేతిలో ఉన్నదేదైనా కింద పడేది, చెంబైనా, గంటె అయినా, అది ఆయనకు అలవాటు. కొడవలి పడలేదు. నొప్పికి ఆమె మొహం నల్లబడింది, పెదవి కొరుక్కుంటే నెత్తురొచ్చింది, కానీ మూడు వేళ్లూ ఊడలేదు. ఆయనకు పిచ్చి లేచింది. రెండో చేత్తో కొడవలిని వంపు దగ్గరే పట్టుకుని బలంకొద్దీ గుంజాడు. పిడి అక్క చేతిలో కదలలేదు, కొడవలి అలుగు ఆయన అరచేతిని ఎముక దాకా చీల్చింది. ఆయన అరుపుకు రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. బియ్యం మీద నెత్తురు ధారగా పడింది. నేను లేతులో ముక్కను బిగించే ఇనుప చక్ తాళం పైకెత్తి ఆయన తల మీదికి పోయాను.

“ఆగు తమ్మీ,” అంది అక్క. “ఆయన చెయ్యి ఆయననే కోసుకుండు. నువ్వు ఎంగిలి జెయ్యకు.”

ఆగాను. ఆ దెబ్బ ఇప్పటికీ నా చేతిలోనే ఉండిపోయింది, నిజం చెప్పాలంటే అప్పుడప్పుడు చెయ్యి దురదపెడుతుంది కూడా. పెద్దలు ఆయన చేతికి తువ్వాల చుట్టి దవాఖానకు తీసుకుపోయారు. అక్క లేచి కొత్తగా కొన్న బర్రెకు గడ్డి వేసింది. మళ్లీ ఎవరూ ఒడిబియ్యం మాట ఎత్తలేదు, ఆమె లేతు పక్కనున్న అర్రలో చివరిదాకా తన పాలు తాను అమ్ముకుని బతికింది, పోయిన వానకాలం జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో వెళ్లిపోయింది. బావ వచ్చి వాకిట్లో దూరంగా నిలబడి చూసి పోయాడు.

ఇప్పుడు గట్ల మీద గడ్డిని పెట్రోలు మిషన్లు కోస్తున్నాయి, రబ్బరు పిడులు ఫోనులో నొక్కితే ఇంటికే వస్తున్నాయి, పంచాయితీలు కూడా పోలీసుస్టేషన్లకు పోయాయంటారు, ఆడపిల్లలు ఒక్క దెబ్బకే కేసు పెడుతున్నారని మా ఈడు మగవాళ్లు అరుగుల మీద కూర్చుని వాపోతూ ఉంటారు. నేను ఆ మాటకు లేచి వచ్చేస్తాను. మంచిదే, ఇంకా ముందే పెట్టవలసింది. కానీ ఏడవడానికైనా, పోట్లాడడానికైనా పక్క అర్రలో తోబుట్టువు ఉన్న రోజులు మళ్లీ రావు కదా, అదొక్కటే నా బాధ.

ఆటో ఆయన దగ్గర గుంజుకున్న కొడవలిని తుడిచి ఒళ్లో పెట్టుకుని చూశాను. బొటనవేలూ, పక్కనున్న రెండు వేళ్లూ పట్టిన చోట గళ్లన్నీ అరిగి అద్దంలా నునుపైపోయాయి. కింద, ఆ ముడవని రెండు వేళ్లు ఆనవలసిన చోట మాత్రం నేను కోసిన గళ్లు కోసినట్టే ఉన్నాయి, రాసి చూస్తే వేలు తెగింది.